కీచైన్ టార్చి: డబ్బా మీద లూమెన్లు, చేతిలో గంటలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉర్దూలో తిత్లీ అంటే సీతాకోకచిలుక, ఆ పేరు ఇచ్చింది పాకిస్తాన్. పేరు ఎంత ముద్దుగా ఉన్నా అది ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతో సహా పీకేసింది. కరెంటు స్తంభాలను వరసగా పడగొట్టింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. సెల్ టవర్లూ పని చేయలేదు. ఫోన్‌లో ఉన్న టార్చి మీదే ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. చార్జింగ్ అయిపోయాక వెలుగూ ఉండదు, అయినవాళ్లకు కబురు చెప్పే దారీ ఉండదు.

తాళాల గుత్తికి తగిలించుకునే బుల్లి టార్చి విలువ అలాంటి రాత్రుల్లోనే తెలుస్తుంది. ఇంట్లో పెద్ద టార్చి ఉంటుంది, కానీ కరెంటు పోయాక అది ఎక్కడుందో వెతకడానికి ఇంకో టార్చి కావాలి. తాళాల గుత్తి మాత్రం జేబులోనో, మేకుకో, బ్యాగులోనో ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు వీధిలైట్లు లేని సందులో నడిచేవాళ్లు, సహరీ వేళ డాబా మెట్లు దిగే దాదీ, డయాలసిస్ కోసం చీకటితోనే పలాసకో టెక్కలికో బయల్దేరే ఉద్దానం కిడ్నీ రోగులు, రాత్రి రైలు దిగి ఊరికి ఆటో కోసం చూసేవాళ్లు, వీళ్లందరికీ పనికొచ్చేది అదే.

అయితే కొనేటప్పుడు చాలామంది ఒకే అంకె చూస్తారు. 300 లూమెన్లు, 500 లూమెన్లు, 1000 లూమెన్లు అని డబ్బా మీద ఎంత పెద్దగా రాస్తే అంత మంచిదనుకుంటారు. ఆ వెలుగు ఎంతసేపు ఉంటుందో చెప్పే అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. నిజానికి ఈ రెండో అంకె లేకపోతే మొదటిదానికి అర్థమే లేదు.

లూమెన్ అంటే ఏమిటి?

టార్చి నుంచి అన్ని వైపులా బయటికొచ్చే మొత్తం వెలుగుకు కొలత లూమెన్. ఒక కొవ్వొత్తి చుట్టూ ఇచ్చే వెలుగంతా కలిపితే సుమారు 12 లూమెన్లు. గాజు చిమ్నీ లేని కిరోసిన్ బుడ్డి కూడా దాదాపు అంతే, ఇంకొంచెం తక్కువే. ఫోన్ టార్చి సుమారు 40, 50 లూమెన్ల వరకు ఇస్తుంది. పాతకాలం కీచైన్ టార్చిల్లో లోపల తీగ వేడెక్కి వెలిగే బుడ్డ బల్బు ఉండేది. ప్రపంచమంతా అమ్ముడైన మ్యాగ్‌లైట్ సాలిటేర్ అనే వేలెడంత టార్చి ఆ బల్బుతో ఇచ్చింది 2 లూమెన్లే. అదే సాలిటేర్‌లో, అదే ఒక్క సెల్‌తో, ఎల్‌ఈడీ పెట్టాక 47 లూమెన్లు వచ్చాయి. 1990ల్లో జపాన్‌లో నీలం ఎల్‌ఈడీ, దాని నుంచి తెల్ల ఎల్‌ఈడీ తయారవడం వల్లే ఇది సాధ్యమైంది. ఆ నీలం ఎల్‌ఈడీ చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు.

మన కంటికి ఒక అలవాటుంది. లూమెన్లు రెట్టింపు అయితే వెలుగు రెట్టింపు అయినట్టు కనిపించదు, కొంచెం పెరిగినట్టే ఉంటుంది. రెట్టింపుగా అనిపించాలంటే సుమారు నాలుగు రెట్లు కావాలి. అందుకే 50 లూమెన్ల టార్చికి, 100 లూమెన్ల టార్చికి ధరలో తేడా ఎంతున్నా చూపులో తేడా తక్కువే. బ్యాటరీ మాత్రం దాదాపు రెట్టింపు ఖర్చవుతుంది. కంపెనీలు చెప్పని సంగతి ఇదే.

ఇంకో కొలత క్యాండెలా. వెలుగు ఒకవైపు ఎంత గురిపెట్టి పడుతుందో అది చెబుతుంది. ఎంత దూరం కనిపిస్తుందన్నది లూమెన్ల మీద కాదు, దీని మీద ఆధారపడుతుంది. 100 క్యాండెలాలకు 20 మీటర్లు, 400కు 40 మీటర్లు. అంటే దూరం రెట్టింపు కావాలంటే గురి నాలుగు రెట్లు కావాలి. ఆ దూరం కూడా పున్నమి వెన్నెలంత వెలుగు, 0.25 లక్స్, అందే చోటు వరకే లెక్క. ఆ చివర మనిషి ఆకారం తెలుస్తుంది తప్ప ముఖం తెలియదు. కీచైన్ టార్చి అద్దం చిన్నది కాబట్టి దాని గురి కూడా చిన్నదే. పాదాల ముందు నాలుగైదు గజాలు చూడటానికి అది సరిపోతుంది, తోట చివరి గట్టు దాకా చూడాలంటే మాత్రం కుదరదు.

బ్యాటరీ హిసాబ్

బ్యాటరీని బ్యాంకు ఖాతా అనుకోండి. ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎంతో సెల్ మీద ఉంటుంది. మిల్లీ ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. ఖాతాలో ఉన్న డబ్బు అదే. చిన్న టార్చిల్లో వాడే ఎల్‌ఈడీలు సర్క్యూట్ నష్టాలన్నీ పోను ఒక వాట్‌కు సుమారు 100 లూమెన్లు ఇస్తాయనుకుంటే లెక్క సులువు. మంచి టార్చి ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది, చవకది బాగా తక్కువ ఇస్తుంది. ఏదైనా డబ్బా మీది అబద్ధాన్ని పట్టుకోవడానికి ఈ లెక్క చాలు.

చొక్కా బొత్తాం ఆకారంలో ఉండే సీఆర్ 2032 కాయిన్ సెల్ తీసుకోండి. 3 వోల్టులు, సుమారు 220 ఎంఏహెచ్. గుణిస్తే 0.66 వాట్ అవర్లు. అంటే మొత్తం 66 లూమెన్ గంటలు. 6 లూమెన్లతో 11 గంటలు, కాగితం మీద. ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్, అంటే టీవీ రిమోట్లో వేసే సన్న సెల్, నెమ్మదిగా వాడితే సుమారు 1.4 వాట్ అవర్లు ఇస్తుంది. 140 లూమెన్ గంటలన్నమాట. 14 లూమెన్లతో 10 గంటలు, 5 లూమెన్లతో 28 గంటలు. చవకగా దొరికే మామూలు జింక్ కార్బన్ ట్రిపుల్ ఏ సెల్‌లో ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ ట్రిపుల్ ఏ సుమారు ఒక వాట్ అవర్.

ఇక యూఎస్‌బీతో చార్జయ్యే బుల్లి టార్చిలు. చాలా వాటి లోపల 130 ఎంఏహెచ్ లాంటి చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. 3.7 వోల్టులతో గుణిస్తే 0.48 వాట్ అవర్లు. కాయిన్ సెల్ కంటే కూడా తక్కువే! ఇప్పుడు డబ్బా మీద 300 లూమెన్లు అని ఉంటే 48ని 300తో భాగించండి. పది నిమిషాలు కూడా రావు. మొబైల్ షాపుల్లో వేలాడదీసే చదరపు ప్లాస్టిక్ రకం, పసుపు రంగు పలక మీద చుక్కలు చుక్కలుగా ఎల్‌ఈడీలు ఉండేది, 500 ఎంఏహెచ్ అని, 1000 లూమెన్లు అని చెప్పుకుంటుంది. రెండు మాటలూ నిజమే అనుకుందాం. అయినా 11 నిమిషాలే. అదే డబ్బా మీద నాలుగు గంటలు అని కూడా రాసి ఉంటే, వెయ్యి లూమెన్లూ నాలుగు గంటలూ ఒకే మోడ్‌కు చెందినవి కావని అర్థం. ఒకటి హై, ఇంకోటి లో. అసలు లూమెన్లే అబద్ధం కావడం కూడా బజారు సరుకులో కొత్త కాదు.

గంటలు ఎలా కొలుస్తారు?

పేరున్న కంపెనీలు ఎఫ్‌ఎల్ 1 అనే అమెరికన్ ప్రమాణం పాటిస్తాయి. 2009లో వచ్చింది, 2019లో మార్చారు. డబ్బా మీద వెలుగు, గంటలు, దూరం, నీటి రక్షణ అన్నీ ఒకే రకం బొమ్మలతో పక్కపక్కనే ఉంటే అది ఈ ప్రమాణమే. కొలత లేని డబ్బా కంటే ఇది ఎంతో నయం. కానీ అందులో ఒక సందు ఉంది.

టార్చి వెలిగించిన 30 సెకన్లకు మొదటి వెలుగు కొలుస్తారు. అక్కడి నుంచి అది పదో వంతుకు పడిపోయే దాకా పట్టిన సమయమే రన్ టైమ్. అంటే 300 లూమెన్ల టార్చి 30 లూమెన్లకు దిగే వరకు వెలుగుతున్నట్టే లెక్క. వేలెడంత టార్చి 300 లూమెన్లు ఇస్తే నిమిషంలోనే చేతికి కాలుతుంది. అందుకని లోపలి సర్క్యూట్ నిమిషం, రెండు నిమిషాలకే వెలుగును బాగా తగ్గిస్తుంది. తర్వాత 35, 40 లూమెన్ల దగ్గర గంటసేపు నిలబడుతుంది. డబ్బా మీద మాత్రం 300 లూమెన్లు, 1 గంట అని వస్తుంది. రూలు ప్రకారం అది తప్పు కాదు. జీతం పెంచామని చెప్పి మొదటి నెల మాత్రమే ఇచ్చినట్టుంటుంది, అంతే.

కాబట్టి పేరున్న టార్చి కొన్నా హై అంకె వదిలేసి, లో, మీడియం పక్కన ఉన్న గంటలు చూడండి. ఉదాహరణకు నైట్‌కోర్ ట్యూబ్ అనే చార్జింగ్ కీచైన్ టార్చి మొదటి రకం 45 లూమెన్లతో 1 గంట, 1 లూమెన్‌తో 48 గంటలు అని చెబుతుంది. 45కు, 48కి దగ్గర సంబంధం ఉంది కదా. ఖాతా ఒకటే, ఖర్చు చేసే తీరు వేరు. ఇలాంటి అంకెలు నమ్మదగ్గవి, లెక్క సరిపోతుంది కాబట్టి.

కాయిన్ సెల్ టార్చిల కథ వేరు. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికే దాదాపు 3 వోల్టులు కావాలి. సీఆర్ 2032 కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చేది కూడా 3 వోల్టులే. మధ్యలో సర్క్యూట్ ఏమీ ఉండదు. అందుకే మొదటి అరగంట బాగా వెలిగి, తర్వాత జారుడుబల్ల మీద జారినట్టు మసకబారుతుంది. పూర్తిగా ఆరిపోవడానికి మాత్రం చాలా గంటలు పడుతుంది. ఆ చివరి వెలుగు తాళం కప్పలో రంధ్రం వెతకడానికి తప్ప దేనికీ రాదు. ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులే చాలు కాబట్టి అదే సెల్‌తో ఎర్ర టార్చి ఎక్కువసేపు నిలుస్తుంది. ట్రిపుల్ ఏ టార్చిల్లో 1.5 వోల్టులను పెంచే చిన్న సర్క్యూట్ తప్పనిసరి. అది మంచిదైతే సెల్ చివరి దాకా వెలుగు ఒకే రకంగా ఉంటుంది, తర్వాత త్వరగా పడిపోతుంది. అప్పుడు చేతిలో రెండో సెల్ ఉండాలి. నెమ్మదిగా మసకబారేది ముందే హెచ్చరిస్తుంది, నిలకడగా వెలిగేది పెద్దగా హెచ్చరించదు. ఏది నయమో ఇంటివాళ్ల అలవాటును బట్టి ఉంటుంది.

ఎంత వెలుగు కావాలి?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అలా అలవాటు పడ్డ కంటికి గదిలో అటూ ఇటూ తిరగడానికి ఒక లూమెన్ చాలు. దగ్గరగా పట్టుకుని మందు చీటీ చదవడానికి 2, 3 లూమెన్లు. తెలిసిన దారిలో నడవడానికి 10, 15. తెలియని దారి, వాన నీళ్లు నిలిచిన రోడ్డు, తెగిపడ్డ కరెంటు తీగలు ఉన్న వీధి అయితే 40, 50 లూమెన్లు. తుపాను తర్వాత ఈ చివరిది ముఖ్యం. తడి నేల మీద పడి ఉన్న తీగను దూరం నుంచే చూడగలగాలి.

ఉద్దానంలో రాత్రి నడకకు ఇంకో రెండు భయాలున్నాయి. ఒకటి పాము. కట్లపాము రాత్రి పూటే తిరుగుతుంది, కాటు నొప్పి పెద్దగా తెలియదు. పాదాల ముందు పడే 10 లూమెన్ల వెలుగు దాన్ని చూపించడానికి సరిపోతుంది. అడుగు వేసే చోటు కనపడితే చాలు. రెండోది ఎలుగుబంటి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. జీడిపిక్కలు ఏరడానికో కొబ్బరి తోటకో చీకటి పూట వెళ్లేవాళ్లు కీచైన్ టార్చి ఉందన్న ధైర్యంతో వెళ్లకూడదు. దాని వెలుగు అందే 20 మీటర్లు ఎలుగుబంటికి పెద్ద దూరం కాదు. అక్కడ కావాల్సింది పెద్ద టార్చి, పక్కన మనుషులు.

వెలుగు రంగు కూడా చూసుకోవాలి. నీలం ఛాయ ఉన్న చవక ఎల్‌ఈడీలో ఎరుపు, గోధుమ రంగులు ఒకేలా కనిపిస్తాయి. రకరకాల మాత్రలు వాడే పెద్దవాళ్లున్న ఇంట్లో రంగు పట్టి మాత్ర గుర్తుపడతారు కాబట్టి కాస్త పసుపు ఛాయ ఉన్న టార్చి మేలు. లూమెన్లు కొంచెం తగ్గినా పర్వాలేదు.

తుపాను వారం కోసం

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ ఇంచుమించు ఒకే తేదీ. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువ. అంటే ఇంట్లో టార్చిలన్నీ సెప్టెంబరు ఆఖరి వారంలో ఒకసారి బయటికి తీసి చూసుకోవడం తెలివైన పని. గ్యాస్ బండ బుక్ చేసినట్టు దీన్ని కూడా ఒక తేదీకి కట్టేసుకోవాలి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు.

లెక్క ఇలా వేయండి. ఏడు రాత్రులు, రాత్రికి ఐదు గంటలు. మొత్తం 35 గంటలు. 5 లూమెన్ల వెలుగుతో ఒక ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్ 28 గంటలు వస్తుందని పైన చూశాం. అంటే రెండు సెల్స్‌తో ఒక టార్చి వారమంతా వెలుగుతుంది, అదీ ఐదు గంటలు ఆపకుండా వాడితే. టార్చిని పైకప్పు వైపు పెడితే తెల్ల సున్నం గదంతా మెత్తగా వెలుగు పరుస్తుంది. పెంకుటిల్లయితే నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసా కింద పెట్టండి, సీసా మొత్తం లాంతరులా అవుతుంది.

చార్జింగ్ రకం టార్చి ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో దారి నష్టాలు పోను దక్కేది ఒక ఫోన్‌కు ఒకటిన్నర సార్లు చార్జింగ్ కంటే పెద్దగా ఎక్కువ కాదు. అదే పవర్ బ్యాంకు 130 ఎంఏహెచ్ బుల్లి టార్చిని ఇంచుమించు నలభై సార్లు నింపగలదు. పవర్ బ్యాంకును ఫోన్ టార్చి కోసం ఖర్చు చేయడం దండగ. ఫోన్ టార్చి వెలిగినంతసేపూ ఫోన్ కూడా మెలకువగా ఉంటుంది. టవర్ లేని చోట సిగ్నల్ కోసం వెతుకుతూ ఇంకా ఎక్కువ తాగుతుంది. ఫోన్‌ను ఆఫ్ చేసో, ఫ్లైట్ మోడ్‌లో పెట్టో కబురు కోసం దాచుకోవాలి. వెలుగు పని కీచైన్ టార్చికి వదిలేయాలి.

వాడకుండా ఉన్నా కొన్ని ఖాళీ అవుతాయి. సీఆర్ 2032 ఏడాదికి ఒక శాతం దాకే పోగొట్టుకుంటుంది, సీలు తీయకుండా ఎనిమిది, పదేళ్లు దాచుకోవచ్చు. మంచి ఆల్కలైన్ సెల్ ఐదేళ్ల పైనే ఉంటుంది. పాత రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నెలలోనే ఐదో వంతు పైగా పోగొట్టుకుంటాయి, కొంటే తక్కువగా కారే కొత్త రకం కొనాలి. లోపల లిథియం బ్యాటరీ ఉన్న టార్చిని మూడు నెలలకోసారి చార్జ్ చేయాలి. పూర్తిగా సున్నాకు పడిపోయి నెలలు గడిస్తే అది మళ్లీ లేవకపోవచ్చు. తుపాను రాత్రి అల్మారాలోంచి తీసి నొక్కితే వెలగని టార్చిల్లో చాలా వాటి సంగతి ఇదే.

ఒక జాగ్రత్త. ట్రిపుల్ ఏ సైజులోనే 10440 అనే లిథియం సెల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వేస్తే టార్చి ధగధగలాడుతుంది. అది 1.5 వోల్టులది కాదు, 3.7 వోల్టులది. టార్చి అందుకు తయారైంది కాకపోతే సర్క్యూట్ కాలిపోతుంది. రిమోట్లో వేస్తే రిమోట్ కూడా అంతే.

ఉప్పు గాలి

భావనపాడు, బారువ లాంటి తీరం ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. సెల్ తగిలే స్ప్రింగు, పలక మీద తెల్లగానో పచ్చగానో పొర పడుతుంది. ఆ పొర కరెంటుకు అడ్డం. సెల్ కొత్తదే, టార్చి మాత్రం మిణుకుమంటుంది. జనం సెల్‌ను తిట్టి పారేస్తారు. పాత టూత్ బ్రష్‌తోనో పెన్సిల్ రబ్బరుతోనో ఆ చోటు గట్టిగా రుద్దితే చాలాసార్లు వెలుగు తిరిగొస్తుంది. ఆల్కలైన్ సెల్ నెలల తరబడి లోపలే ఉంటే కారుతుంది. ఎక్కువ రోజులు వాడనప్పుడు సెల్ బయటికి తీసి, టార్చికి టేపుతో అంటించి పెట్టండి. పక్కనే ఉంటుంది కాబట్టి చీకట్లో వెతకక్కర్లేదు.

డబ్బా మీద ఐపీఎక్స్ 4 ఉంటే చిమ్మే నీటికి తట్టుకుంటుంది. ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఐపీఎక్స్ 8 అంటే అంతకు మించి, ఎంతో కంపెనీ చెప్పాలి. ఈ పరీక్షలు మంచినీళ్లతో చేసేవి. సముద్రపు నీళ్లు తగిలితే వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి. కాయిన్ సెల్ మింగితే ప్రాణం పోవచ్చు. సీఆర్ 2032 వ్యాసం 20 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల ఆహారనాళంలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే సైజు. అక్కడి తడి తగలగానే సెల్ నుంచి కరెంటు పారి, చుట్టూ ఘాటైన క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం అవుతుంది. సెల్ పగలాల్సిన పని లేదు. టార్చి వెలిగించడానికి చాలని పాత సెల్‌లో కూడా పిల్లను గాయపరిచేంత కరెంటు మిగిలే ఉంటుంది. అందుకే అయిపోయిన సెల్స్‌ను కిటికీ గట్టు మీద పెట్టకూడదు.

మొదట్లో పిల్లకు ఏమీ కానట్టే ఉండొచ్చు. చొంగ కారడం, తిండి వద్దనడం, దగ్గు, గుండెల్లో నొప్పి తర్వాత వస్తాయి. అనుమానం వచ్చిన క్షణంలోనే 108కి ఫోన్ చేయాలి, లేదా బండెక్కాలి. వాంతి చేయించొద్దు. అన్నం, అరటిపండు పెట్టి కిందికి తోద్దామని చూడొద్దు. ఏడాది దాటిన పిల్ల అయితే, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, మొత్తం ఆరుసార్లు దాకా. తేనె గాయం తీవ్రతను తగ్గిస్తుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకూడదు కూడా. ఆసుపత్రిలో మొదటి మాటే బటన్ సెల్ మింగింది, ఎక్స్‌రే తీయండి అని చెప్పాలి. ఎక్స్‌రేలో అది రూపాయి బిళ్లలా కనిపించి మోసం చేస్తుంది, అంచు చుట్టూ రెండో వలయం ఉంటే సెల్. గొట్టం వేసి తీసే సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. పలాస నుంచి శ్రీకాకుళం 70 కిలోమీటర్ల పైనే, విశాఖ ఇంకా దూరం. తీవ్రమైన గాయం అవడానికి పట్టే రెండు గంటలు ప్రయాణంలోనే పోతాయి. కాబట్టి ఎక్కడికి పంపుతారో ముందే అడిగి కదలాలి.

బొమ్మలు, లేజర్ లైట్లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, బరువు తూచే మిషన్లలో కూడా ఇవే సెల్స్ ఉంటాయి. స్క్రూ లేకుండా గోటితో తెరుచుకునే కాయిన్ సెల్ టార్చి పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. ట్రిపుల్ ఏ రకమో, మూత తెరవడానికి వీల్లేని చార్జింగ్ రకమో తీసుకోండి.

దుకాణంలో

కాశీబుగ్గలోనో టెక్కలి బజారులోనో కొనేటప్పుడు వెలిగించి చూడగానే డబ్బులివ్వకండి. రెండు నిమిషాలు అలాగే వెలగనివ్వండి. వేడెక్కుతోందా, వెలుగు తగ్గుతోందా చూడండి. పక్కన ఇంకో కొత్తది వెలిగించి గోడ మీద రెండూ పోలిస్తే తగ్గినంతా కనిపిస్తుంది. లో మోడ్ ఉందా అడగండి. హై, బ్లింకింగ్ మాత్రమే ఉన్నది తుపాను వారానికి పనికిరాదు. లో మోడ్‌లో చేతి వేళ్లు ముందు వేగంగా ఊపండి, వేళ్లు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే వెలుగు వణుకుతోందని అర్థం, చదివేవాళ్లకు కళ్లు లాగుతాయి. బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే తాళాల మధ్య అదే నొక్కుకుని జేబులోనే బ్యాటరీ అయిపోతుంది. తిప్పితే వెలిగే రకానికి ఈ బాధ తక్కువ.

ఇంటికి తెచ్చాక ఒక రాత్రి పూర్తి పరీక్ష పెట్టండి. కొత్త సెల్ వేసి, గోడకు మీటరు దూరంలో పెట్టి, టైము రాసుకోండి. గంటకోసారి అదే వెలుగులో వార్తాపత్రికలో చిన్న అక్షరాలు చదవగలుగుతున్నారా చూడండి. చదవలేకపోయిన గంటే మీ ఇంటి రన్ టైమ్. దాన్ని చిన్న కాగితం మీద రాసి టార్చికి అంటించండి.

గల్ఫ్ నుంచి తెచ్చేవాళ్లు, ఉమ్రాకు వెళ్లేటప్పుడు పెట్టుకునేవాళ్లు విడి లిథియం సెల్స్‌ను, పవర్ బ్యాంకును చెక్ ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. చేతి బ్యాగులో పెట్టాలి, సెల్ రెండు కొనలకూ టేపు వేయాలి. బ్యాటరీ లోపలే ఉన్న టార్చిని కూడా తాళాల గుత్తితో పాటు చేతి బ్యాగులోనే ఉంచండి. తిప్పే రకమైతే తల అర చుట్టు వదులు చేస్తే ప్రయాణంలో దానంతట అది వెలగదు.